గ్యాలరీలో జనం బరువు



2021 అక్టోబరు 17న నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ పట్టణంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. పొరుగూరి జట్టు వితెస్ గెలిచింది. ఆ జట్టు అభిమానులు తమకు కేటాయించిన గ్యాలరీలో సంబరంగా, అందరూ ఒకే తాళానికి ఎగరడం మొదలుపెట్టారు. చూస్తుండగానే వాళ్ల కాళ్ల కింది కాంక్రీటు పలక వంగి, విరిగి, మనుషులతో సహా కిందికి దిగబడింది. సరిగ్గా దాని కింద ఇనుప కంటైనర్ ఒకటి పెట్టి ఉండటంతో పలక దాని మీద ఆగింది. ప్రాణాలు దక్కాయి. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 2007 నవంబరు 25న, బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో ఫోంచి నోవా స్టేడియంలోనూ ఇలాంటిదే జరిగింది. పై అంతస్తు గ్యాలరీలో ఒక ముక్క ఊడిపోయింది. కింద ఆపడానికి ఏమీ లేదు. ఏడుగురు చనిపోయారు.

స్టేడియం కడుతున్నారంటే పత్రికలో పడే బొమ్మ పైకప్పుది. ఎంతమంది పడతారనే అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. నన్నడిగితే, స్టేడియం ఇంజనీరింగ్‌లో కష్టమైన లెక్కలన్నీ ఆ పైకప్పు కింద ఉండే జనం గురించినవే. వాళ్లు కూర్చుంటారు, లేస్తారు, ఎగురుతారు, ఒకేసారి పక్కకు ఊగుతారు, చివరకు అందరూ ఒక్కసారే ఇంటికి బయలుదేరతారు. ఇన్ని రకాలుగా ప్రవర్తించే బరువు వంతెనకు లేదు, ఆనకట్టకు లేదు.

ముందు మామూలు బరువు సంగతి చూద్దాం. కుర్చీలు బిగించని చోట, జనం గుమిగూడే అంతస్తు చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు మోయాలని మన భారతీయ ప్రమాణాలు చెబుతాయి. చదరపు మీటరు చోటులో ఏడుగురు ఒకరినొకరు ఆనుకుని నిలబడితే అయ్యే బరువు అది. కదలకుండా నిలబడిన జనం వల్ల, సరిగా కట్టిన గ్యాలరీకి భయమేమీ లేదు. చిక్కు వాళ్లు ఎగిరినప్పుడే.

ఎగిరిన మనిషి కాసేపు గాల్లో ఉంటాడు. ఆ కాసేపూ అతని బరువు గ్యాలరీ మీద లేనే లేదు. దిగిన క్షణంలో మాత్రం అతని పాదాలు నేలను తాకే బలం, మామూలు బరువుకు మూడింతలు దాటవచ్చు. పాటకో నినాదానికో ఎగిరే జనం సెకనుకు ఇంచుమించు రెండుసార్లు ఎగురుతారు. ఇక కట్టడం వైపు చూడండి. ప్రతి దూలానికీ, ప్రతి శ్లాబుకూ సొంత ఊపు ఒకటి ఉంటుంది. ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తే సెకనుకు ఇన్నిసార్లని పైకీ కిందికీ ఆడి ఆగుతుంది. ఈ ఆట కంటికి కనిపించదు, పరికరాలకు అందుతుంది. పొట్టిగా, మందంగా ఉన్న దూలం వేగంగా ఆడుతుంది. పొడుగ్గా, సన్నగా ఉన్నది నెమ్మదిగా ఆడుతుంది. జనం ఎగిరే లయ, దూలం సొంత ఊపు కలిశాయంటే, ప్రతి దెబ్బా దూలం కిందికి దిగుతున్న వేళకే పడుతుంది. దెబ్బ దెబ్బకూ ఊపు పెరుగుతుంది. బడిలో చదువుకున్న అనునాదం ఇదే. రెండు లయలూ అచ్చంగా ఒకటి కానక్కర్లేదు కూడా. సెకనుకు రెండుసార్లు ఎగిరే జనం, సెకనుకు నాలుగుసార్లు ఆడే దూలాన్ని సైతం కదిలించగలరు. దూలం ఆడే ప్రతి రెండో ఊపుకూ వాళ్ల దెబ్బ సరిగ్గా అందుతుంది కాబట్టి. అందుకే బ్రిటన్‌లోని స్ట్రక్చరల్ ఇంజనీర్ల మార్గదర్శకాలు ఒక గీత గీశాయి. గ్యాలరీ సొంత ఊపు సెకనుకు ఆరు దాటితే సరే. దాటకపోతే ఎగిరే జనాన్ని విడిగా లెక్కగట్టి, ఫరవాలేదని చూపించాలి.

ఇందులోనే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. చాలాకాలం ఇంజనీర్లు కూర్చున్న ప్రేక్షకుణ్ణి ఇసుక బస్తా లెక్కనే చూశారు. 1990లలో బ్రిటన్‌లో నిజమైన గ్యాలరీల మీద పరికరాలు పెట్టి, ఖాళీగా ఉన్నప్పుడూ జనంతో నిండినప్పుడూ కొలిచారు. బస్తాల లెక్కకు ఆ కొలతలు కుదరలేదు. మనిషి శరీరంలో కండ ఉంది, వెన్ను ఉంది, మోకాలు ఉంది. కింద నేల ఆడితే ఆ ఊపును శరీరం మింగేస్తుంది. అంటే ఒక వరసలో కుర్రకారు ఎగురుతుంటే, వెనక వరసలో నిదానంగా కూర్చున్న పెద్దాయన, తనకు తెలియకుండానే, గ్యాలరీ ఊపును అణుస్తున్నాడన్న మాట. జనం మొత్తం లేచి ఎగిరినప్పుడు ఆ సాయం కూడా పోతుంది.

ఇంత తెలిసినప్పుడు కింద నాలుగు పిల్లర్లు ఎక్కువ వేసి దూలాలు పొట్టివి చేస్తే సరిపోదా అనిపిస్తుంది. ఒకప్పుడు అలాగే చేశారు. ఆ కథ గ్లాస్గోలో మొదలవుతుంది. 1902 ఏప్రిల్ 5న ఇబ్రాక్స్ మైదానంలో స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆడుతున్నాయి. ఇనుప చట్రం మీద చెక్క పలకలు పరిచిన ఎత్తైన గ్యాలరీ. ముందురోజు రాత్రి వాన. కిక్కిరిసిన జనం కింద పలకలు విరిగి పెద్ద కంత పడింది. అందులోంచి జారిపడి 25 మంది చనిపోయారు. గ్యాలరీకి నక్షా గీసిన ఆర్చిబాల్డ్ లీచ్ ఆరోజు అక్కడే ఉండి అదంతా చూశాడు. ఎవరైనా ఆ వృత్తి వదిలేసేవారే. లీచ్ వదల్లేదు. ఎత్తైన చెక్క గ్యాలరీల కాలం పోయింది. మట్టికట్టల మీద, కాంక్రీటు మీద మెట్లు లేచాయి. ఓల్డ్ ట్రాఫర్డ్, ఆన్‌ఫీల్డ్, విలా పార్క్ వంటి పేరున్న మైదానాల్లో గ్యాలరీలకు నక్షాలు గీసింది ఆయనే. అవి దశాబ్దాలపాటు నిలిచాయి. కానీ వాటి పైకప్పును మోసే పిల్లర్లు కుర్చీల మధ్యనే ఉండేవి. టికెట్టు కొన్నవాడికి గోల్ పోస్టు బదులు ఇనుప కంబం కనిపించేది.

పిల్లర్ తీసేస్తే చూపుకు అడ్డు పోతుంది, దూలానికి ఆధారమూ పోతుంది. వెనక చివర మాత్రమే పట్టు ఉండి, ముందు చివర గాల్లోకి చాచిన దూలాన్ని కాంటిలీవర్ అంటారు. ఇటలీలో పియర్ లుయీజీ నెర్వీ 1932 నాటికే ఫ్లోరెన్స్ స్టేడియంలో, ముందువైపు ఒక్క పిల్లర్ కూడా లేకుండా, 20 మీటర్లకు పైగా ముందుకు చాచిన కాంక్రీటు కప్పు వేశాడు. కప్పు మోసే కాంక్రీటు పక్కటెముకలను దాచకుండా బయటే ఉంచాడు. బలం ఎటునుంచి ఎటు దిగుతుందో నేలమీద నిలబడి చదువుకోవచ్చు. అంత నిజాయితీగా కనిపించే కట్టడం నాకు మరొకటి గుర్తుకు రాదు. కప్పు మీద ఎవరూ ఎగరరు కాబట్టి అక్కడ చాచడం కొంత తేలిక. పై అంతస్తు గ్యాలరీని అలాగే చాచినప్పుడు మాత్రం, చాచే ప్రతి మీటరుకూ దాని ఊపు నెమ్మదిస్తుంది, జనం ఎగిరే లయకు దగ్గరవుతుంది. 1,32,000 మంది పట్టే అహ్మదాబాద్ మొతేరా స్టేడియంలో ఎక్కడ కూర్చున్నా పిల్లర్ అడ్డురాదని గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోదగ్గదే. ఆ ఖాళీ వెనక ఎంత ఉక్కు, ఎంత లెక్క ఉందో కూడా చెప్పుకుంటే ఇంకా బాగుంటుంది.

చూపు మాట వచ్చింది కాబట్టి ఒక ప్రశ్న. గ్యాలరీలో కింది మెట్లు పల్చగా, పై మెట్లు నిటారుగా ఎందుకుంటాయి? దీనికి 1838లోనే లెక్క రాసినవాడు జాన్ స్కాట్ రస్సెల్ అనే స్కాట్లండ్ ఇంజనీరు. ఓడలు కట్టేవాడు. కాలువలో ఒంటరిగా, చెదరకుండా పోతున్న అలను గుర్రమెక్కి వెంబడించి, దాన్ని శాస్త్రానికి పరిచయం చేసినవాడూ ఆయనే. ప్రేక్షకుడి కంటి నుంచి ఆట జరిగే చోటికి గీత గీయండి. ఆ గీత ముందు వరసలోని మనిషి కంటికి కొంచెం పైనుంచి పోవాలి. ఆ కొంచెం ఎంతన్నదే లెక్క. 9 సెంటీమీటర్లు ఉంటే మంచి చూపు, 6 ఉంటే సర్దుకోవచ్చు. టోపీలు పెట్టుకునేవాళ్లుంటే ఇంకా ఎక్కువ కావాలి. మొదటి వరస మైదానం అంచు గీతకు 10 మీటర్ల దూరంలో, కళ్లు మైదానానికి 2 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుందాం. వరసల మధ్య 80 సెంటీమీటర్ల వెడల్పు పెడితే, రెండో వరసకు 26 సెంటీమీటర్ల మెట్టు చాలు. అదే 30 మీటర్ల దూరం వెళ్లేసరికి మెట్టు 35 సెంటీమీటర్లు కావాలి. వరస వరసకూ పెరుగుతూ పోతుంది. అందుకే పక్కనుంచి చూస్తే గ్యాలరీ తిన్నగా ఉండదు, పైకి వంపు తిరుగుతుంది. అలాగని ఎంత నిటారుగానైనా కట్టడానికి వీల్లేదు. 34 డిగ్రీలు దాటితే మెట్లు దిగేవాడికి కళ్లు తిరుగుతాయి, కాలు జారితే ఆపేది ఉండదు. క్రికెట్ మైదానానికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మైదానమే పెద్దది, పిచ్ నట్టనడుమ ఉంటుంది. ఎంత బాగా కట్టినా పై వరసవాడికి బంతి చుక్కంతే కనిపిస్తుంది.

ఎండ సంగతి ఒక్క మాట. 60 మీటర్ల పొడవున్న కాంక్రీటు, 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 2 సెంటీమీటర్లు సాగుతుంది. అందుకే గుండ్రంగా ఒకటే కట్టడంలా కనిపించే గ్యాలరీ నిజానికి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ముక్కల మధ్య సన్నని సందు వదులుతారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలవుతున్న వేళ, తాత్కాలికంగా వేసిన గ్యాలరీ కూలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. తాత్కాలిక గ్యాలరీ అంటే మనవాళ్లకు కొంత చులకన. నాలుగు రోజుల ముచ్చట, గొట్టాలు బిగించి పలకలు వేస్తే సరి అనుకుంటారు. నిజానికి శాశ్వతంగా కట్టినదానికంటే దీనికే జాగ్రత్త ఎక్కువ కావాలి. గొట్టాలు నిలువు బరువును బాగానే మోస్తాయి. జనం ఒక్కసారి లేచి, ఆట ఎటు పోతే అటు ఒరిగినప్పుడు, ఆ బలం పక్కనుంచి వస్తుంది. దాన్ని ఆపేవి గొట్టాల మధ్య ఏటవాలుగా బిగించే అడ్డకట్లు. జనం బరువులో నూటికి ఆరు నుంచి పది వంతుల బలం పక్కనుంచి వచ్చినా గ్యాలరీ నిలబడాలని బ్రిటన్ మార్గదర్శకాలు అడుగుతాయి. అడ్డకట్లు తక్కువైతే, గొట్టం కింద మట్టి మెత్తబడితే, ఎంత లావు గొట్టమైనా ఒరిగిపోతుంది.

ఈ పాఠం కొత్తది కాదు. క్రీస్తుశకం 27లో, రోమ్ నగరానికి దగ్గర్లోని ఫిదేనే అనే ఊళ్లో, అటీలియస్ అనేవాడు గ్లాడియేటర్ల పోరాటాలు చూపించి డబ్బు సంపాదించాలని చెక్కతో పెద్ద ప్రేక్షకశాల వేశాడు. పునాది గట్టి నేలలోకి దింపలేదు. చెక్కల కీళ్లు బలంగా బిగించలేదు. జనంతో నిండాక కూలిపోయింది. చనిపోయినవారూ గాయపడినవారూ కలిపి 50 వేలని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో చెప్పలేం గానీ, ఆ తర్వాత రోమ్ సెనేట్ చేసిన శాసనం మాత్రం నమ్మదగ్గది. నిర్ణీత ఆస్తి లేనివాడు ఇలాంటి ఆటలు పెట్టకూడదు, నేల గట్టిదని పరీక్షించి తేల్చకుండా ప్రేక్షకశాల కట్టకూడదు. దాదాపు రెండువేల ఏళ్ల కిందటి మాట. 1992 మే 5న ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలో, బాస్తియా పట్టణం దగ్గర, ఒక పెద్ద మ్యాచ్‌కు ఎక్కువ టికెట్లు అమ్మడం కోసం ఉన్న గ్యాలరీ పడగొట్టి హడావిడిగా తాత్కాలిక గ్యాలరీ లేపారు. మ్యాచ్ మొదలయ్యే ముందే దాని వెనక భాగం కూలింది. 18 మంది ఆ విషాదంలో పోయారు, రెండువేల మందికి పైగా గాయపడ్డారు. ఆ తేదీన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడకూడదని ఫ్రాన్స్ 2021లో చట్టం చేసింది.

పైకప్పు గురించి చెప్పకుండా వదిలేస్తే మీరు ఒప్పుకోరు. దానికి జనం బరువు లేదు, గాలి బరువుంది. తమాషా ఏమిటంటే, స్టేడియం కప్పు కింద పడిపోతుందేమో అన్న భయం ఎంతో, పైకి లేచిపోతుందేమో అన్న భయమూ అంతే. కప్పు పైనుంచి గాలి వేగంగా పోతున్నప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది. ముందువైపు తెరిచిన గ్యాలరీలో చొరబడిన గాలి కింది నుంచి తోస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల తర్వాత అక్కడ భారత్, వెస్టిండీస్ ఆడవలసిన వన్డే రద్దయింది. అలాంటి తీరంలో కప్పు వేసే ఇంజనీరుకు కప్పును మోయడం ఎంత ముఖ్యమో, నేలకు పట్టి ఉంచడమూ అంతే ముఖ్యం. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి 2010 కామన్వెల్త్ క్రీడల కోసం జర్మనీకి చెందిన ష్లైక్ బెర్గర్‌మన్ ఇంజనీర్లు వేసిన కప్పు ఈ పనిని చాలా తేలికగా చేస్తుంది. సైకిల్ చక్రాన్ని పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. బయట ఉక్కు రిమ్ము, లోపల తీగల వలయం, రెంటి మధ్య బిగించి లాగిన ఆకుల్లా ఉక్కు తీగలు. చక్రంలో ఇరుసు ఉండే చోట మైదానం మీద ఆకాశం ఉంటుంది. తీగలన్నీ ముందే లాగి ఉంచడం వల్ల, గాలి పైకి లేపినా కిందికి నొక్కినా వదులు కావు.

కట్టడం ఎంత గట్టిదైనా, చివరి పరీక్ష ఆట ముగిశాక వస్తుంది. కట్టడం చెక్కుచెదరకుండానే మనుషులు పోయే పరీక్ష ఇది. ఇబ్రాక్స్ పేరు మళ్లీ చెప్పక తప్పదు. 1971 జనవరి 2న మ్యాచ్ ముగిసి జనం పదమూడో నంబరు మెట్ల మీదుగా దిగుతున్నారు. నిటారైన మెట్లు. ఎవరో పడ్డారు, వెనకవాళ్లు వాళ్లమీద పడ్డారు. 66 మంది చనిపోయారు. అవే మెట్ల మీద పదేళ్ల ముందు ఇద్దరు పోయిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాతే 1973లో బ్రిటన్‌లో గ్రీన్ గైడ్ అని పిలిచే భద్రతా పుస్తకం వచ్చింది. అందులో ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరి ప్రాణం ఉంది.

ఆ పుస్తకం లెక్క ఇలా సాగుతుంది. మీటరు వెడల్పున్న మెట్ల మీదుగా నిమిషానికి 66 మంది దిగగలరు. గ్యాలరీ మొత్తం ఖాళీ కావడానికి ఎనిమిది నిమిషాలకు మించకూడదు. అంతకు మించితే జనానికి విసుగొస్తుంది, తోపులాట మొదలవుతుంది. 40 వేల మంది ఉన్న స్టేడియం తీసుకోండి. ఎనిమిది నిమిషాల్లో మీటరు వెడల్పు మీదుగా దిగేది 528 మంది. అంటే అన్ని మెట్లూ కలిపి 76 మీటర్ల వెడల్పు ఉండాలి. రెండేసి మీటర్ల మెట్లయితే 38 దారులు. ఇందులో సగం గేట్లకు తాళాలు వేస్తే, కాగితం మీద 16 నిమిషాలవుతుంది. నేలమీద అయ్యేది వేరు. రోమ్‌లో కొలోసియం కింది అంతస్తు చుట్టూ 80 కమాను ద్వారాలు పెట్టారు. ప్రేక్షకులు ఏ ద్వారం నుంచి రావాలో తెలియడానికి వాటి మీద చెక్కిన అంకెలు కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. అప్పటివాళ్లకు ఈ లెక్క తెలుసు.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర ఏం జరిగిందో మీకు గుర్తుంది. ఐపీఎల్ గెలుపు సంబరానికి లోపల పట్టే జనం కంటే ఎన్నోరెట్లు జనం వచ్చారు. గేట్ల బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఒక్క ఇటుక కదల్లేదు. స్టేడియం గోడ దగ్గర ఇంజనీరు పని ముగిసిపోతుందనుకునే అలవాటు మన దగ్గర ఉంది. గేటు బయటి రోడ్డు వెడల్పు, జనం నిలబడే ఖాళీ స్థలం, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఎదురుపడకుండా దారులు, ఇవన్నీ దూలం, పిల్లరుతో సమానంగా నక్షాలో ఉండాలి. ఏ కొత్త స్టేడియం గురించి ప్రకటించినా ఎంతమంది పడతారని అడిగే విలేకరులు, ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుందని కూడా అడగాలని నేను కోరుకుంటాను.

కంచె మాట చెప్పి ముగిస్తాను. 1985 మే 11న ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో పాత చెక్క గ్యాలరీ కింద పేరుకున్న చెత్తకు నిప్పంటుకుంది. నాలుగైదు నిమిషాల్లో గ్యాలరీ అంతా మంటలే. వెనక ద్వారాల వైపు పరుగెత్తిన వాళ్లకు తాళాలు ఎదురయ్యాయి. మొత్తం 56 మంది పోయారు. ముందువైపు కంచె లేదు కాబట్టి వేలమంది మైదానంలోకి దూకి బతికారు. నాలుగేళ్ల తర్వాత, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో గ్యాలరీ ముందు ఎత్తైన ఇనుప కంచె ఉంది. వెనకనుంచి వచ్చిన ఒత్తిడికి ముందువాళ్లు ఆ కంచెకు అదుముకుపోయారు. ఆ దెబ్బకు మరణించినవారు మొత్తం 97 మంది. విచారణ జరిపిన న్యాయమూర్తి పీటర్ టేలర్, అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన తొలి నివేదికలోనే, జనం ఉన్నంతసేపూ కంచె గేట్లు తెరిచే ఉంచాలన్నారు. మన మైదానాల్లో చాలాచోట్ల గ్యాలరీకీ మైదానానికీ మధ్య ఎత్తైన కంచె ఇప్పటికీ ఉంది. కంచె తీసేయండి అనడం లేదు. దానికి ఎన్ని గేట్లున్నాయి, అవి మైదానం వైపు తెరుచుకుంటాయా, ఆట జరుగుతున్నంతసేపూ వాటి దగ్గర మనిషి ఉంటాడా అన్నవి మాత్రం ఏ మైదానంలోనైనా ఈ వారమే చూసి సరిచేయదగ్గ పనులు. వీటికి పెద్ద ఖర్చూ లేదు.